గాయము మానిన పిదప: కాలినవారికి దూరమునుండి చేయూత

నిప్పు మానవునకు తొలి సేవకుడు. అదుపు తప్పినచో అదియే తొలి శత్రువు. వంటయింటి పొయ్యి మొదలు కర్మాగారపు కొలిమి వరకు నిప్పు లేని జీవనము లేదు కనుక, కాలిన గాయములు లేని కాలమును లేదు. కాలిన గాయములవలన ప్రపంచములో ఏటేట సుమారు 1,80,000 మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక్క మన దేశములోనే ఏటా పది లక్షలకు పైగా జనులు ఒక మోస్తరుగనో తీవ్రముగనో కాలుచున్నారని ఆ సంస్థయే తెలుపుచున్నది.

మరణించినవారు లెక్కలలో కనబడుదురు. బ్రతికినవారి సంగతి యేమి? గడ్డము రొమ్మునకు అంటుకొనిపోయి తల యెత్తలేని బాలిక, మోచేయి చాపలేని కూలివాడు, వ్రేళ్లు ముడుచుకొనిపోయి కలము పట్టలేని విద్యార్థి మనకు అక్కడక్కడ కనబడుచునే యుందురు. విచిత్రమేమనగా, వీరందరి గాయములును మానినవే. ఆసుపత్రి తన పని ముగించి వారిని ఇంటికి పంపినదే. వైకల్యము ఇంటికి వచ్చిన పిదప మెల్లమెల్లగా ఏర్పడినది.

ఈ వైకల్యమును ఆపుటకు వలసిన చికిత్స నేడు తెలిసినదే. అది పెద్ద శస్త్రచికిత్స కాదు. మాసముల తరబడి, దినదినమును, తెలిసినవారి కనుసన్నలలో జరుగవలసిన వ్యాయామము. కాని తెలిసినవారు పట్టణములో, రోగి పల్లెలో. ఈ ఎడమును తంతి, రేడియో, టెలివిజను, టెలిఫోను ఎట్లు క్రమముగా దాటినవో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మచ్చ ఎందుకు ముడుచుకొనును?

పెద్దవాని శరీరమును కప్పియున్న చర్మమును పరచినచో సుమారు ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్లుండును. అందు రెండు పొరలు ముఖ్యము. పైపొర పలుచనిది, నిత్యము అరిగి మరల పుట్టుచుండును. క్రిందిపొర మందమైనది, రక్తనాళములు, నరములు, వెండ్రుకల కుదుళ్లు, స్వేదగ్రంథులు అందుండును. పైపొర మాత్రమే కాలినచో అది కొలది దినములలో మరల పెరుగును. క్రిందిపొర కొంతవరకే కాలినను, వెండ్రుకల కుదుళ్లలో మిగిలిన జీవకణములు విత్తనములవలె పనిచేసి చర్మమును పునర్నిర్మించును. క్రిందిపొర పూర్తిగా కాలినచో విత్తనమే యుండదు. అప్పుడు గాయము అంచులనుండియే మానవలెను. లేదా వేరొక చోటినుండి పలుచని చర్మము తీసి అతికింపవలెను.

అంచులనుండి మానునపుడు ప్రకృతి ఒక ఉపాయము పన్నును. గాయమును చిన్నది చేయుటకు దాని అంచులను లోనికి లాగును. ఈ పని చేయు ప్రత్యేక కణములను 1971లో జెనీవా నగరమున గబ్బియాని అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును వర్ణించిరి. అవి సగము చర్మకణములు, సగము కండరకణములు అన్నట్లుండును. కండరము వలెనే ముడుచుకొనగలవు. చిన్న గాయమునకు ఇది మేలు. కాని మోచేతి మడతపైననో, మెడపైననో, అరచేతిలోననో పెద్ద గాయమున్నపుడు ఈ లాగుడు ఆగదు. పైచర్మము మూసుకొన్న తరువాత కూడ క్రింద కొల్లాజెను అను నారపదార్థము దట్టముగా పేరుకొనుచు, మచ్చ ఎఱ్ఱగా, గట్టిగా, ఉబ్బెత్తుగా పెరుగును. అది చల్లబడి మెత్తపడుటకు ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు రెండు సంవత్సరములు పట్టును. ఆ కాలమంతయు అది కీలును వంచుచునే యుండును.

రోగి బాధ దీనికి తోడగును. చేయి చాపిన నొప్పి, ముడిచిన హాయి. తల వెనుకకు వాల్చిన నొప్పి, దిండుపై ముందుకు వంచిన హాయి. కనుక రోగికి హాయినిచ్చు భంగిమయే అతనిని అవిటివానిని చేయు భంగిమ యగుచున్నది. దీనికి విరుగుడు మూడు విధములు. మొదటిది, కీలును చాచియుంచు బద్దలు. రెండవది, దినమునకు పలుమార్లు చేయు సాగుడు వ్యాయామములు. మూడవది, మచ్చను సమముగా అదిమియుంచు బిగుతు దుస్తులు. మొక్కై వంగనిది మానై వంగునా అను సామెత ఇచట సరిపోవును. మచ్చ లేతగా నున్నపుడే దానిని మన దారికి తెచ్చుకొనవలెను; ముదిరిన పిదప కత్తి తప్ప దారి లేదు.

ప్రాణరక్షణ నుండి పునర్జీవనమునకు

ఇంత స్పష్టమైన సంగతి వైద్యుల దృష్టికి చాల ఆలస్యముగా వచ్చినది. దానికి కారణము లేకపోలేదు. పూర్వము పెద్దగా కాలినవారు బ్రతుకుటయే అరుదు. 1925లో అమెరికాలోని డిట్రాయిట్ నగరమున డేవిడ్సన్ అను వైద్యుడు గాయముపై టానిక్ ఆమ్లమును పూయు పద్ధతిని ప్రవేశపెట్టెను. తోలు పదును చేయుటకు వాడు పదార్థమే యిది. గాయముపై గట్టి పెంకు కట్టి, లోని ద్రవము కారిపోకుండ ఆపును. ప్రాణములు కొన్ని నిలిచినవి. కాని ఆ పెంకు కనురెప్పలను, వ్రేళ్లను బిగించివేసెను.

రెండవ ప్రపంచ యుద్ధములో ఈ దోషము బయటపడెను. బ్రిటిషు యుద్ధవిమానములలో పెట్రోలు అంటుకొని యువ వైమానికుల ముఖములు, చేతులు కాలిపోయెడివి. 1939లో ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్న పట్టణపు ఆసుపత్రికి న్యూజీలండు దేశీయుడైన ఆర్చిబాల్డ్ మెకిండో అను శస్త్రవైద్యుడు వచ్చెను. సముద్రములో పడిన వైమానికుల గాయములు నేలపై పడినవారి గాయములకంటె మేలుగా నుండుటను గమనించి, ఆయన టానిక్ ఆమ్లమును విడిచి గోరువెచ్చని ఉప్పునీటి స్నానములను ఆరంభించెను. ఆ నీటిలో కీళ్లు కదలింపవచ్చును, కట్లు నొప్పిలేకుండ ఊడును.

మెకిండో గుర్తించిన రెండవ సంగతి ఇంకను గొప్పది. చికిత్స ఆసుపత్రి గోడలతో ముగియదని ఆయన గ్రహించెను. రోగులను పట్టణములోనికి పంపెను. పౌరులు వారిని తేరిపార చూడక, ఇంటికి పిలిచి తేనీరిచ్చి మాటలాడునట్లు చేసెను. 1941 జూలైలో రోగులు తమలో తాము ఒక సంఘము స్థాపించుకొని, దానికి గినీపిగ్ క్లబ్ అని హాస్యముగా పేరు పెట్టుకొనిరి. యుద్ధాంతమునకు అందు 649 మంది సభ్యులుండిరి. గాయమును మాన్పుట ఒకటి, మనిషిని మరల నిలుపుట మరియొకటి అని ఆ పట్టణము లోకమునకు చూపినది.

ఆ పిమ్మట ప్రాణరక్షణ వేగముగా పెరిగెను. 1940 ప్రాంతమున, ఆరోగ్యవంతులైన యువకులలో కూడ చర్మములో సుమారు సగము కాలినచో సగముమంది మరణించెడివారు. రక్తద్రవమును తగినంత యెక్కించుట, సూక్ష్మజీవినాశక మందులు, కాలిన చర్మమును ముందుగనే తొలగించి క్రొత్తది అతికించుట మొదలగు పద్ధతులు వచ్చిన తరువాత, ఇరువదవ శతాబ్ది ముగియునప్పటికి మంచి ఆసుపత్రులలో నాలుగింట మూడు వంతులు కాలిన యువకులు సైతము సగమునకు పైగా బ్రతుకసాగిరి. బ్రతికినవారు పెరిగిన కొలది మచ్చల సమస్యయు పెరిగెను. 1971లో అమెరికాలోని గాల్వెస్టన్ నగరపు పిల్లల ఆసుపత్రిలో లార్సన్ అను వైద్యుడును, ఆయన సహచరులును బద్దలు, బిగుతు దుస్తులతో మచ్చలను అదుపులో పెట్టు విధానమును ప్రకటించిరి. ఆ దుస్తులు దినమునకు 23 గంటలు ధరింపవలెను. కొలది మాసములకు సాగు తగ్గిపోవును కనుక మార్చవలెను. పిల్లవాడు పెరిగినచో కొలతలు మరల తీయవలెను.

ఇచటనే చిక్కు వచ్చినది. ఇరువది మూడు గంటలు, ప్రతిదినము, ఒక సంవత్సరము. ఇంతకాలము ఏ ఆసుపత్రియు రోగిని పడకపై ఉంచుకొనలేదు. మచ్చకు చికిత్స ఇంటిలోనే జరుగవలెను. అట్లయిన, ఇల్లు ఆసుపత్రికి వందలాది మైళ్ల దూరమున నున్నచో?

దూరమును జయించిన దేశము

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఆస్ట్రేలియాకు పోవలెను. అచటి పశ్చిమ రాష్ట్రము ఒక్కటియే సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలది; ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండును కలిసిన ప్రాంతమునకు తొమ్మిది రెట్లు. కాని అందు నివసించు ప్రజలు మన ఒక పెద్ద జిల్లా జనాభాకు సమానము. వారిలో ఎక్కువమంది పెర్త్ నగరము చుట్టుననే యున్నారు. మిగిలినవారు గనులలో, పశువుల మేతభూములలో, ఆదివాసి పల్లెలలో చెదరియున్నారు. అందుచేత దూరమునుండి చికిత్స చేయు ఆలోచన అచట విలాసముగా కాక, విధిలేని అవసరముగా పుట్టినది.

1917లో జరిగిన సంఘటన యొకటి అచట నేటికిని చెప్పుకొందురు. ఉత్తరపు మేతభూములలో జిమ్మీ డార్సీ అను పశువుల కాపరి ప్రమాదములో లోపల తీవ్రముగా గాయపడెను. అతనిని బండిపై హాల్స్ క్రీక్ అను కుగ్రామమునకు తెచ్చిరి. అచట వైద్యుడు లేడు. ఉన్నది టక్కెట్ అను పోస్టుమాస్టరు. ఆయనకు తెలిసినది ప్రథమచికిత్స, తంతి యంత్రము. ఆయన సుమారు 3,000 కిలోమీటర్ల దూరమున పెర్త్ నగరములో నున్న హాలండ్ అను వైద్యునకు తంతి కొట్టెను. హాలండ్ ఒకప్పుడు ఆయనకు ప్రథమచికిత్స నేర్పిన గురువే. చుక్కలు, గీతలతో ప్రశ్నలు పోయినవి, ఉత్తరములు వచ్చినవి. మూత్రాశయము చిట్లినదని వైద్యుడు నిర్ణయించెను. శస్త్రచికిత్స చేయుమని ఆదేశించెను. కత్తి లేదన్నచో జేబుకత్తి చాలుననెను. మత్తుమందు లేదు. క్రిమినాశకముగా పెర్మాంగనేటు గలదు. పోస్టుమాస్టరు ఒక్కొక్క సూచనను తంతిపై అందుకొనుచు, ఆ సూచన ప్రకారము కోయుచు, పని ముగించెను.

శస్త్రచికిత్స నెరవేరినది. హాలండ్ పశువుల ఓడనెక్కి డెర్బీ రేవునకు, అచటినుండి దుర్గమమైన దారిపై మోటారులో బయలుదేరెను. ఆయన హాల్స్ క్రీక్ చేరుటకు కొంచెము ముందుగా, మలేరియాతో మరింత నీరసించిన డార్సీ మరణించెను.

ఈ కథలో రెండు పాఠములు కలవు. మాట తంతిపై క్షణములో పోయినది; మనిషి పోవుటకు దినములు పట్టినవి. ఇది మొదటిది. రెండవది అంత త్వరగా కంటికి కనబడదు. తంతి యెంత గొప్పదైనను, ఆవలివైపున నేర్చిన చేయి ఒకటి లేనిచో అది వ్యర్థము. పోస్టుమాస్టరు ప్రథమచికిత్స నేర్చియుండనిచో వైద్యుని జ్ఞానము పెర్త్ నగరములోనే ఉండిపోయెడిది.

ఈ వార్త దేశమంతట సంచలనము కలిగించెను. జాన్ ఫ్లిన్ అను మతాచార్యుని కృషివలన 1928 మే మాసమున క్వీన్స్‌లండు రాష్ట్రములోని క్లాంకరీ నుండి ఎగిరే వైద్యుల సేవ ఆరంభమయ్యెను. విమానమును పిలుచుటకు మాట పోవలెను గదా! విద్యుత్తు లేని మేతభూములలో రేడియో యెట్లు పనిచేయును? ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ అను ఇంజనీరు సైకిలు త్రొక్కుడు వంటి సాధనముతో విద్యుత్తు పుట్టించు రేడియోను 1929లో అచట నెలకొల్పెను. కాళ్లతో త్రొక్కుచు చేతితో తంతి సంకేతములు పంపవలెను. 1930 తరువాతి సంవత్సరములలో కంఠస్వరము కూడ పోవుట సాధ్యమయ్యెను.

1942లో దీనికి సరళమైన సాధనమొకటి తోడైనది. ప్రతి మేతభూమికిని ఒక మందులపెట్టె నిచ్చిరి. అందలి మందులన్నిటికిని అంకెలు వేసిరి. దూరమునున్న వైద్యుడు నోరు తిరుగని మందుల పేర్లు చెప్పనక్కర లేదు. ఫలానా అంకె మందును ఫలానా మోతాదున ఇమ్మని చెప్పిన చాలును. ఇట్లు దూరచికిత్సకు వలసిన భాష యేర్పడినది.

ఉపాధ్యాయులకు ఆసక్తికరమైన ఘట్టము 1951లో వచ్చినది. అదే రేడియోను ఉపయోగించి ఆలిస్ స్ప్రింగ్స్ నగరమున ఆకాశ పాఠశాల ఆరంభమయ్యెను. ఉపాధ్యాయురాలు ఒక గదిలో కూర్చుండి మాటలాడును. వందల మైళ్ల దూరమున పిల్లలు విని బదులు చెప్పుదురు. కాని ఆ పాఠశాల నిలిచినది రేడియో వలన మాత్రము కాదు. ప్రతి పిల్లవాని ప్రక్కను తల్లియో, మరియొకరో కూర్చుండి పలక దిద్దించిరి. టీచరు ఒక ఊరిలో, ఆమెకు సహాయకురాలు ప్రతి యింటిలోను. దూరమునుండి పిల్లవానిచే వ్యాయామము చేయించుటకు ఇంతకంటె మంచి నమూనా లేదు.

బొమ్మ కనబడిన నాడు

మాటతో మచ్చను చూడలేము. దానికి బొమ్మ కావలెను. 1959లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున మానసిక వైద్యులు ఇరువైపుల కనబడు టెలివిజనును వైద్యమునకు వాడిరి. 1964లో దానిని 112 మైళ్ల దూరమున నున్న మరియొక ఆసుపత్రికి కలిపిరి. అప్పుడది మిక్కిలి ఖరీదైన పని. టెలిఫోను తీగలపై చిత్రములను పంపు యంత్రములు 1990 తరువాతనే సామాన్య ఆసుపత్రులకు అందినవి.

క్వీన్స్‌లండు రాజధానియగు బ్రిస్బేన్ లోని పిల్లల ఆసుపత్రి వైద్యులు ఈ సాధనమును కాలిన పిల్లల తరువాతి చికిత్సకు వాడిరి. ఇంటికి పోయిన పిల్లలను దృశ్యసమావేశములలో చూచిరి. పల్లె ఆసుపత్రులు పంపిన ఫొటోలను ఎలక్ట్రానిక్ తపాలాలో పరిశీలించిరి. మూడు సంవత్సరముల అనుభవమును 2004లో వారు ప్రకటించిరి.

ఇంతలో పశ్చిమ ఆస్ట్రేలియాకు పరీక్ష వచ్చినది. 2002 అక్టోబరు 12న ఇండోనేషియాకు చెందిన బాలి ద్వీపమున బాంబులు ప్రేలి 202 మంది మరణించిరి. గాయపడినవారిలో 28 మందిని పెర్త్ నగరములోని రాయల్ పెర్త్ ఆసుపత్రికి విమానములపై తెచ్చిరి. ఫియోనా వుడ్ అను శస్త్రవైద్యురాలు అచటి కాలినగాయముల విభాగమునకు నాయకురాలు. రోగి చర్మమునుండి తీసిన కణములను గాయముపై చల్లు పద్ధతిని అభివృద్ధి చేసిన ఖ్యాతి ఆమెది. ఆ దినములలో ఆసుపత్రి కృషి లోకమంతట ప్రశంసింపబడెను. కాని కాలినగాయముల విభాగమునకు నిత్యకృత్యము వేరు. మేతభూమిలో మంట అంటుకొన్న కాపరి, వేడినీరు మీద పోసికొన్న ఆదివాసి పిల్లవాడు, గనిలో కాలిన కార్మికుడు ప్రతి మాసమును వచ్చుచుందురు. వారికి గాయము మానిన తరువాత ఒక్క పరీక్షకై పెర్త్ వచ్చిపోవుట విమానప్రయాణము, కుటుంబమంతటికి పని పోవుట. కనుక ఆ రాష్ట్రపు వైద్యులు దూరచికిత్సను నిత్యసేవలో భాగము చేసికొనిరి. పెర్త్ లోని పిల్లల ఆసుపత్రి తన అనుభవమును లెక్కించి 2016లో ప్రకటించినపుడు, ఎన్నియో ప్రయాణములు, ఎన్నియో పడకదినములు ఆదా అయినవని తేలెను.

ఒక దినపు పాఠము

దూరమునుండి ఈ చికిత్స యెట్లు జరుగునో ఊహించి చూడుడు. పల్లె ఆసుపత్రిలో నర్సు, తల్లి, మోచేయి కాలిన బాలుడు తెర యెదుట కూర్చుందురు. నగరములో వ్యాయామ చికిత్సకురాలు, వైద్యుడు ఉందురు. మొదట బాలుడు చేయి ముడుచును, చాచును. కోణమెంత? దీనికి వాడు సాధనము మన విద్యార్థుల జామెట్రీ పెట్టెలోని కోణమాపకమే. దానికి రెండు పొడుగు చేతులు తగిలించినారంతే. నర్సు ఒక చేతిని భుజమువైపు, రెండవదానిని మణికట్టువైపు ఉంచి అంకె చదువును. చేయి పూర్తిగా చాచినచో కోణము సున్న. గత మాసము పది డిగ్రీలు తక్కువైనది, ఈ మాసము ఇరువది తక్కువైనది అన్నచో మచ్చ గెలుచుచున్నదని అర్థము. వెంటనే బద్ద మార్చవలెను, వ్యాయామము పెంచవలెను. మూడు మాసముల తరువాత వచ్చి చూపించినచో ఆ అవకాశము చేజారిపోయెడిది.

పిదప మచ్చను చూతురు. మచ్చను అంచనా వేయుటకు 1990లో వాంకూవర్ పట్టిక యను కొలమానము వచ్చినది. అందు నాలుగు గుణములకు మార్కులు వేయుదురు: రంగు, రక్తప్రసారము, మెత్తదనము, ఎత్తు. వీనిలో రంగు కెమెరాకు కనబడును. మచ్చను వ్రేలితో అదిమి విడిచినపుడు తెల్లబడి మరల ఎఱ్ఱబడుటయు కొంతవరకు కనబడును. ఎత్తును ప్రక్కనుండి చూచి పోల్చవచ్చును. మెత్తదనము? దానిని తెర చూపలేదు. నర్సు తన వ్రేళ్ల మధ్య చర్మమును పట్టి, తాను తెలిసికొన్నదానిని మాటలలో చెప్పవలెను. హాల్స్ క్రీక్ పోస్టుమాస్టరు చేసినది ఇదే. యంత్రము కంటిని మాత్రమే పంపును. స్పర్శను మాత్రము అచటనున్న మనిషియే అందింపవలెను.

చివర తల్లికి పాఠము. ఆమె స్వయముగా బాలుని చేయి సాగదీసి చూపును. ఎంత బలము వాడవలెను, ఎంతసేపు పట్టియుంచవలెను, మచ్చ తెల్లబడినచో ఆగవలెనా అను ప్రశ్నలకు జవాబు చెప్పుదురు. ఈ పదిహేను నిమిషములు మిగిలిన సమావేశమంతటికంటె విలువైనవి. ఏలన, వైద్యుడు మాసమున కొకసారి కనబడును. తల్లి దినమునకు నాలుగుసారులు చేయించును.

ఆటలు, యంత్రములు

వ్యాయామము నొప్పి గలది. నొప్పికి జడిసి పిల్లలు మానివేయుదురు. 1990ల చివరిభాగమున అమెరికాలోని సియాటిల్ నగరమున హాఫ్‌మన్, ప్యాటర్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయము కనుగొనిరి. కాలిన రోగి కన్నులకు అద్దముల పేటిక తగిలించి, మంచులోయ యొకటి చూపిరి. రోగి ఆ లోయలో పోవుచు మంచుబొమ్మలపై మంచుగడ్డలు విసరును. మనస్సు ఆ పనిలో మునిగియుండగా గాయమును శుభ్రపరచుట, కీలును సాగదీయుట జరిగిపోవును. నొప్పి తక్కువగా తోచుచున్నదని రోగులు చెప్పిరి. మనస్సు చేతిలో శ్రద్ధ అను ద్రవ్యము పరిమితము. దానిని మంచులో వ్యయము చేసినచో నొప్పికి మిగులునది కొంచెమే.

2006 తరువాత టెలివిజనుకు తగిలించు ఆటయంత్రములు శరీరకదలికలను గ్రహింపగల్గెను. 2010లో వచ్చిన ఒక యంత్రము చేతిలో ఏ పరికరము లేకుండగనే భుజము, మోచేయి, మోకాలు కదలికలను కెమెరాతో గుర్తించెను. వ్యాయామ చికిత్సకులు వానిని కాలిన పిల్లలపై పరీక్షించిరి. పిల్లలు వ్యాయామమన్నచో ముఖము త్రిప్పుకొందురు. ఆట యన్నచో చేయి పైకెత్తుదురు. కాని ముడుచుకొన్న వ్రేళ్ల సూక్ష్మ కదలికలను ఆ యంత్రములు సరిగా పట్టలేకపోయినవి. పిల్లవాడు భుజమునకు బదులు నడుము వంచి యంత్రమును మోసగించుటయు కలదు. మోసమును పట్టుటకు మరల మనిషి కన్నే కావలెను.

2020లో కరోనా వ్యాధి ప్రపంచమును ఇండ్లలో బంధించినపుడు, దూరచికిత్సను సందేహించినవారు కూడ దానిని ఆశ్రయింపవలసివచ్చెను. ముందు పల్లెలకొరకు పుట్టినది అప్పుడు నగరములకును దారియైనది.

మన దేశములో

మన దేశములో దూరవైద్యమునకు తొలి అడుగులలో ఒకటి తెలుగు నేలపైననే పడినది. 2000 సంవత్సరము మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండ గ్రామములోని ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా నగర వైద్యులతో కలుపు కేంద్రమును, నాటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదునుండి ప్రారంభించెను. 2020 మార్చిలో భారత ప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళిని ప్రకటించెను. 2019 నవంబరులో వైద్యుల మధ్య సంప్రదింపులకై ఆరంభమైన ఈ-సంజీవని సేవ, 2020 ఏప్రిల్ నుండి ఇంటిలోని రోగులకును అందుబాటులోనికి వచ్చెను. తీగలు, ఉపగ్రహములు, చేతిఫోనులు ఇప్పుడు మనకు కొరవకాదు.

కొరవయైనది రెండవ కొసయందలి నేర్చిన చేయి. కాలినవారిలో వంటయింటి స్త్రీలు, చిన్నపిల్లలు అనేకులు. ఒక దినము కూలి విడిచి, బస్సు ఛార్జీ పెట్టుకొని పట్టణమునకు పోయి వ్యాయామము నేర్చుకొను శక్తి వారిలో అందరికి లేదు. ఇంటిలో నొప్పియని ఏడ్చు బిడ్డ చేయి సాగదీయుటకు తల్లికి మనసొప్పదు. ఇది నిర్దయ కాదు, చికిత్స యని ఆమెకు ఎవరో ఒకరు మరల మరల చెప్పవలెను. గ్రామ నర్సుయో, ఆశా కార్యకర్తయో ఫోనులోని వైద్యునకును తల్లికిని నడుమ నిలిచినచో, హాల్స్ క్రీక్ పోస్టుమాస్టరు చేసిన పనిని మన ఊరిలోను చేయించవచ్చును.

పాఠశాలకును ఇందులో పాలు కలదు. కాలిన బాలుడో బాలికయో బడికి మరల వచ్చినపుడు, ఒంటికి బిగుతు దుస్తులు, చేతికి బద్ద ఉండవచ్చును. వానిని తీసివేయుమనరాదు, దినమునకు 23 గంటలు ఉండవలసినవి గదా. రెండు పీరియడ్ల నడుమ అయిదు నిమిషములు చేయి సాగదీసికొనుటకు అనుమతింపవలెను. బిడ్డ రాకముందే తరగతికి మచ్చలు అంటువ్యాధి కాదని, చర్మము ఎట్లు మానునో పాఠముగా చెప్పవచ్చును. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పౌరులు చేసినది ఇంతకంటె ఎక్కువ కాదు: తేరిపార చూడలేదు, మాటలాడిరి.

జేబుకత్తి నాటినుండి చేతిఫోను నాటికి సాధనములు ఎంతయో మారినవి. చుక్కలు గీతలు మాటలైనవి, మాటలు బొమ్మలైనవి, బొమ్మలు కోణములను కొలుచుచున్నవి. మారనిది ఒక్కటే. తీగ ఈ కొసను తెలిసినవాడుండవలెను, ఆ కొసను చేయువాడుండవలెను. ఇద్దరిలో ఎవరు లేకున్నను మచ్చ ముడుచుకొనుచునే యుండును. ఇద్దరును ఉన్నచో, మూడువేల కిలోమీటర్ల దూరముననున్న బాలుడు సైతము మరల చేయి చాపి కలము పట్టుకొనగలడు.